కోతల నెలలో మైక్రోస్కోపు

మా కాలేజీకి తనిఖీ బృందం వస్తోందంటే ముందు గోడలకు సున్నం పడుతుంది, తర్వాత మా మీద పని పడుతుంది. ఆ ఏడాది డిసెంబరులో ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిచి, వృక్షశాస్త్రం రెండో సెమిస్టర్ కోర్సు ఎలా నడుస్తోందో పరిశీలించి, ఏమేం మార్చాలో నివేదిక రాయమన్నారు. "పెద్ద శ్రమేం పడొద్దమ్మా. నాలుగు పేజీలు, రెండు గ్రాఫులు ఉంటే చాలు" అన్నారు. మంచి మనిషే, కానీ ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. చూడకుండానే బాగుందని రాయడానికి నేనెందుకు, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఎవరైనా రాస్తారు.

గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్ళే దారిలో ఉంటుంది మా కాలేజీ. ల్యాబు కిటికీ తెరిస్తే ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. మాది స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ కాబట్టి సిలబస్ మేమే తయారు చేసుకోవచ్చు. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో, పరీక్ష ఎలా పెట్టాలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే మా సంఘం కూర్చుని తీర్మానిస్తుంది. పేరుకు అంత స్వేచ్ఛ ఉన్నా పాత సిలబస్‌ను అటు తిప్పి ఇటు తిప్పి మళ్ళీ అదే అచ్చు వేయించడం మాకు అలవాటైపోయింది.

నాకు అప్పగించిన కోర్సు నాకు చాలా ఇష్టమైనది. మొక్క కాండాన్నో వేరునో చేత్తో పట్టుకుని, బ్లేడుతో పల్చగా, వెలుతురు దూరేంత పల్చగా కోయాలి. ఆ ముక్కకు రంగు వేసి, గాజు పలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూడాలి. బయట పచ్చటి పుల్లలా కనపడిన దాంట్లో గదులు, గొట్టాలు, వాటి వరసలు కనపడతాయి. మొదటిసారి అది చూసిన పిల్లల నోటి నుంచి ఒక చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసమే ఇన్నేళ్ళు ఈ ఉద్యోగంలో ఉన్నానని చెప్పినా అబద్ధం కాదు.

పిల్లల అభిప్రాయాలు ముందే సేకరించి పెట్టారు. అన్నిటికీ 'చాలా బాగుంది' అనే టిక్కు. నేను సెలవులో ఉండి చెప్పని పాఠం కూడా చాలా బాగుందట. వాటిని పక్కన పడేసి మార్కులు చూశాను. కొంతమంది, ఎక్కువగా ఆడపిల్లలు, థియరీలో గట్టెక్కి ప్రాక్టికల్లో తప్పుతున్నారు. అదే పిల్లలు వానాకాలంలో జరిగే మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. సంక్రాంతి దాటేసరికి వాళ్ళకు ఏమవుతోందో ఎవరూ అడగలేదు.

స్టాఫ్ రూములో అడిగితే జవాబులు సిద్ధంగా ఉన్నాయి. సెల్‌ఫోన్లు, శ్రద్ధ లేకపోవడం, తల్లిదండ్రులు పట్టించుకోకపోవడం. మా శాఖాధిపతి గారు మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు. "రారమ్మా. రానోళ్ళకి ఎట్టా వస్తుంది చదువు?"

ఆయన గురించి చెప్పాలి. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బోర్డు మీద రంగు సుద్దలతో ఆయన వేసే బొమ్మ చెరపడానికి తర్వాతి క్లాసువాళ్ళకు మనసొప్పేది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్లేడు పట్టడం మళ్ళీ నేర్పింది ఆయనే. దగ్గర్లోని ఊళ్ళో ఆయనకు మిరప చేను ఉంది. తమ్ముడు చూసుకుంటాడు, ఈయన ఫోన్లో పెత్తనం చేస్తారు. జనవరి వచ్చిందంటే ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది. పొద్దున్నే కూలీల ముఠాను తెచ్చే మేస్త్రికి ఫోన్ చేసి "ఏమయ్యా, ఇయ్యాల కూడా ముఠా తక్కువగా వచ్చిందంట, కాయలు చెట్టునే ఎండిపోతన్నాయి" అని కేకలేసేవారు. మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చి "సగం బెంచీలు ఖాళీ, ఈ పిల్లలకి బాధ్యత లేదమ్మా" అని నాతో అనేవారు. ఆ రెండు ఫిర్యాదులూ పక్కపక్కనే విన్నా నాకూ చాలాకాలం ఏమీ తట్టలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక నివేదిక కోసం నేను చేసిన పనల్లా ల్యాబులో వెనక స్టూలు మీద కూర్చోవడం. పాఠం చెప్పకుండా, ఎవరినీ సరిదిద్దకుండా ఊరికే చూడటం. అది నాకు ఎంత కష్టమో నా దగ్గర చదివినవాళ్ళకు తెలుసు.

అలా చూస్తుండగా కంటపడిందా అమ్మాయి. మూడో సంవత్సరం పిల్ల, మొదటి సంవత్సరం వాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఈ ప్రాక్టికల్ అప్పటికే రెండుసార్లు తప్పింది. మా నిబంధన ఏమిటంటే, రెండో సెమిస్టర్లో తప్పినవాళ్ళు మళ్ళీ రెండో సెమిస్టర్ పరీక్షలప్పుడే, అంటే మార్చిలోనే రాయాలి. ఈ మార్చిలో గట్టెక్కకపోతే డిగ్రీ పూర్తి కాదు, బీఈడీ ప్రవేశానికి దారి మూసుకుపోతుంది. సైన్సు టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. వాళ్ళ పల్లెలో అప్పటిదాకా ఆడపిల్లలెవరూ డిగ్రీ దాటి చదవలేదని తర్వాత తెలిసింది.

ఆమె కోయడం చూశాను. కాండాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, బ్లేడును తనవైపు లాగుతూ, తొందర లేకుండా కోసింది. ఉల్లిపొరకన్నా పల్చగా వచ్చింది. రంగు వేసి, స్లైడు తయారు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆ తర్వాత పక్కకు జరిగి, చిన్నపిల్లలకు చోటిచ్చింది. వాళ్ళు చూశారు, గీసుకున్నారు. ఈమె వాళ్ళ బొమ్మలు చూసి తను గీసుకుంది. ఒక్కసారి కూడా కన్ను పెట్టలేదు. పైగా స్లైడు అంచుల నిండా జిడ్డు మరకలు. పరీక్షలో రెండుసార్లూ ఆమె స్లైడును అపరిశుభ్రం అని పక్కన పెట్టారని గుర్తొచ్చింది.

"ఎందుకు చూడవు?" అన్నాను.

"చూశానండీ" అంది తల వంచుకుని.

కళ్ళెదుట అబద్ధం ఆడితే నేను ఊరుకోలేను. "నీ డిగ్రీ నీకు అక్కర్లేకపోతే నాకూ అక్కర్లేదు" అని అందరి ముందూ అరిచాను. ఆ పిల్ల చేతులు వోణీ కింద దాచుకుంది.

తర్వాతి రోజు ఆ అమ్మాయి రాలేదు. జ్వరమని స్నేహితురాలు చెప్పింది. ఆ మర్నాడు పొద్దున నా బస్సు రోడ్డు పనుల దగ్గర ఆగింది. పక్కనే కూలీలతో కిక్కిరిసిన ఆటో. ఆడవాళ్ళంతా చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని, తలకూ మూతికీ తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నారు. వెనక అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నామె తువ్వాలు సర్దుకుంటూ తలెత్తింది. ఆ కళ్ళు నావైపు ఒక్క క్షణం చూసి, చటుక్కున పక్కకు తిరిగాయి. ఆటో కాస్త ముందుకు పోయి, మా శాఖాధిపతి గారి చేను వైపు వెళ్ళే డొంక దారిలోకి మళ్ళింది. ఆయన గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు చేను కూడా చూపించారు కాబట్టి ఆ డొంక నాకు తెలుసు.

ఆ వారం చివర్లో ఆమె కాలేజీకి వచ్చింది. ల్యాబు వెనక కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. అరిచినందుకు ఏదో సర్దిచెప్పాలని వెళ్ళాను గానీ కళ్ళు ఆ చేతుల మీదే నిలిచిపోయాయి. వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి, ఉబ్బి ఉన్నాయి. ఆముదం వాసన.

"ఎన్నిసార్లు కడిగినా పోదండీ ఆ ఘాటు" అంది. "రాత్రి ఆముదం రాసుకుని పడుకుంటాం. పొద్దున్నే ఆ జిడ్డుతోనే వస్తాను. స్లైడుకి అంటుకునేది అదేనండీ. కన్ను పెడితే మైక్రోస్కోపు గొట్టం పట్టుకోవాలిగా. మొదటేడు నేను గొట్టం పట్టుకున్నాక చూసినమ్మాయి కన్ను మండి ఏడ్చిందండీ. అప్పట్నించి నేను పట్టుకోను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏం చెప్పమంటారండీ? మా ఇళ్ళల్లో అందరివీ ఇవే చేతులండీ."

ఇంట్లో కూలికి వెళ్ళేది తల్లి, తను. ముఠాలో ఒక్క రోజు మానితే ఆ సాలు ఇంకొకరికి పోతుంది. సాలు అంటే కోయడానికి ఒప్పజెప్పిన మొక్కల వరస. పోయిన సాలు మళ్ళీ రాదు, కోతలు అయ్యేదాకా కూర్చోవాలి. అందుకే చాలాసార్లు ల్యాబు రోజు కూడా కోతకే వెళ్ళింది. వారంలో ఒకటి రెండు రోజులు ఆమె సాలు కూడా తల్లే కోస్తుంది, కాలేజీకి వచ్చేది ఆ రోజుల్లోనే. ఆదివారం మాత్రం వాళ్ళ ముఠా కోతకు వెళ్ళదు, చర్చికి వెళతారు. సోమవారానికి చేతులు కాస్త చల్లబడతాయట.

"అది మన సారు గారి చేనేగా?" అని అడిగాను.

ఆమె ముఖం పాలిపోయింది. "సారుకి చెప్పబాకండి మేడమ్. ముఠాని మానిపిస్తారని కాదండీ. రేపు పాఠం చెప్పేటప్పుడు నా వంక చూడటానికి సారు ఇబ్బంది పడతారు. ఆయన పాఠం నాకు కావాలండీ."

చెప్పనని మాటిచ్చాను. ఆయనకు ఎలాగూ తెలిసే వీలు లేదు. ఆయన చేను దగ్గరికి వెళ్ళేది ఆదివారాలే, ఆ రోజు ముఠా ఉండదు. ఆదివారం రారని కూడా మేస్త్రితో తగవుపడుతుంటారు.

ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. మా కాలేజీలో పాఠాల క్యాలెండరు తయారు చేసేవాళ్ళలో సగం మంది మిరప రైతులే. ఏ వారం ఏ కోత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కోతల మధ్యలో బ్లేడు పని, కోతలు ముమ్మరంగా ఉండే మార్చిలో పరీక్ష, తప్పినవాళ్ళకు మళ్ళీ అదే మార్చి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. చేలో ఉన్నప్పుడు కోతల గురించి, కాలేజీలో ఉన్నప్పుడు సిలబస్ గురించి ఆలోచించారు, అంతే. ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే పిల్లలని తట్టలేదు. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద చూపించాలో తెలియక వంటింట్లో గిన్నెల మీద చూపించాను.

నివేదిక మొదటి ప్రతిలో, కోయడమే తీసేసి, కొని తెచ్చిన స్లైడులు తెర మీద చూపిద్దామని రాశాను. పిల్లల చేతులకు బాధ ఉండదు, పరీక్ష తేలిక. ఆ అమ్మాయికి చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

"తియ్యబాకండి మేడమ్" అంది వెంటనే. "నాకు కొయ్యటం వచ్చండీ. పత్తి కాడల మీద ఇంటికాడ నేర్చుకున్నాను. రేపు నేను టీచర్నయితే పిల్లలకి చెయ్యి పెట్టి చూపించాలిగా. నెల మార్చండి, చాలు."

"అక్టోబరు నుంచి పత్తి తీతలకి పోతారు కదమ్మా?"

"పోతామండీ. పత్తి కాయ గుచ్చుకుంటుందిగానీ మండదుగా" అని మొదటిసారి నవ్వింది.

నాలుగు పేజీల నివేదిక కాస్తా పెద్దదైంది. కోసే పని మొత్తం వానాకాలం సెమిస్టర్‌కు జరపాలి. అక్కడున్న నాచులు, శిలీంధ్రాల పాఠాలు ఇటు తేవాలి. అవి బొమ్మలతో, సిద్ధంగా ఉన్న స్లైడులతో చెప్పొచ్చు. ఒక్కరోజు పరీక్షకే మార్కులన్నీ కాకుండా సెమిస్టర్ పొడుగునా చేసిన పనికి సగం ఇవ్వాలి. ఈలోపు ల్యాబు సోమవారానికి మార్చాలి. సోమవారం సంగతి నా చేతిలో పనే కాబట్టి ఎవరినీ అడగకుండా మార్చేశాను. బెంచీలు కొంత నిండాయి. ఒక సోమవారం ఆ అమ్మాయి గొట్టాన్ని వోణీ కొంగుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కన్ను పెట్టింది. నేను ఎదురుచూసే ఆ చిన్న శబ్దం మూడో ఏడాదిలో వచ్చింది.

ఫిబ్రవరిలో బోర్డు సమావేశం జరిగింది. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు నివేదిక తిరగేసి బాగుందన్నారు. మా శాఖాధిపతి గారు ఒప్పుకోలేదు.

"కాండం, వేరు అర్థం కాకుండా పై పాఠాలు ఎట్టా చెబుతామమ్మా? ఈ వరస మా గురువులు పెట్టింది. రానోళ్ళ కోసం వచ్చేవాళ్ళ చదువు మారుస్తామా?"

"రానివాళ్ళు ఎక్కడికి వెళుతున్నారో కనుక్కున్నామా సార్?"

"కోతలకి పోతారు. నాకు తెలియదా? మనమూ చేలో పనిచేసే చదువుకున్నాం."

"మన చేలో మనం పనిచేశాం సార్. మానేస్తే మన సాలు ఇంకొకరికి పోలేదు."

నాలుక చివరన ఇంకో మాట ఉంది. ఆ ఒక్క మాటతో వాదన నెగ్గేదాన్ని. మాటిచ్చాను కాబట్టి మింగేశాను. ప్రొఫెసర్ గారు మధ్యేమార్గంగా తీర్మానం రాయించారు. మార్పులన్నీ ఆమోదించారు. కాకపోతే కొత్తగా చేరే బ్యాచ్ నుంచే అమలు. పాత బ్యాచ్‌లో తప్పినవాళ్ళు పాత పద్ధతిలోనే, మార్చిలోనే రాసుకోవాలి. అందరూ చప్పట్లు కొట్టారు. తనిఖీ బృందానికి చూపించడానికి ఒక మంచి కాగితం దొరికిందని ప్రిన్సిపాల్ గారు టీ తెప్పించారు. నేను తాగలేదు. ఎవరిని చూసి ఈ కోర్సు మార్చామో ఆ పిల్లకే ఇందులో ఏమీ లేదు.

ఆమెకు చెబితే "మా చెల్లెలు ఇంటర్ చదువుతోందండీ, దానికి పనికొస్తుంది" అంది. ఆ ఓర్పు నాకు నచ్చలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష గురువారం పడింది. సోమవారమైనా కాదు. ఒంగోలు వైపు కాలేజీ నుంచి ఒక కుర్ర లెక్చరర్ బయటి పరీక్షకుడిగా వచ్చాడు. లోపలి పరీక్షకుడు మా శాఖాధిపతి గారు. ఏర్పాట్లు చూడటానికి నేను తలుపు దగ్గర ఉన్నాను. ఇద్దరు పరీక్షకుల్లో ఎవరో ఒకరు స్లైడు చూసి, అక్కడికక్కడే మార్కులు వేయాలి.

ఆ అమ్మాయి పల్చగానే కోసింది. స్లైడును గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడిచింది. కన్ను పెట్టి సరిచేసుకోకపోతే పరీక్షకుడికి ఏమీ కనపడదు కాబట్టి కంగారులో కొంగు జారిపోతుంటే ఈసారి ఒట్టి చేత్తో గొట్టం పట్టుకోక తప్పలేదు. తర్వాత దాన్ని కూడా తుడుస్తోంది. అంతలో మా శాఖాధిపతి గారు ఆ బెంచీ దగ్గరికి వచ్చారు.

"సార్, ఒక్క నిమిషం ఆగండి" అంది కంగారుగా.

"టైము లేదమ్మా" అంటూ ఆయన కళ్ళజోడు తీసి, గొట్టం పట్టుకుని వంగారు. కాసేపు చూశారు. చూపు మసకగా ఉందనుకున్నారేమో, వేలితో కన్ను నలుపుకుని మళ్ళీ వంగారు. అంతే, ఒక్కసారిగా వెనక్కి జరిగి కన్ను మూసుకున్నారు. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

నేను పరుగెత్తాను. ఆ పిల్ల అప్పటికే నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుంది. "నలపబాకండి సార్, నలపబాకండి. నలిపితే ఎక్కువైద్ది" అంటోంది ఏడుపు గొంతుతో.

ఆ మంట ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన మంట. మూసిన కంటిని అరచేత్తో అదుముకుని, రెండో కంటితో ఆ అమ్మాయి వేళ్ళవైపు చూశారు. ఎర్రగా కమిలిన ఆ కొసలను ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఎవరి చేలో కోస్తున్నావమ్మా?"

ఆమె నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. చెప్పడమో మానడమో ఆమె ఇష్టం.

"మీ చేలోనేనండీ" అంది.

బయటి పరీక్షకుడు దగ్గరికొచ్చి "ఏమైందండీ?" అన్నాడు. మా శాఖాధిపతి గారు తల అడ్డంగా ఊపారు. "ఏం లేదు. సెక్షన్ బాగా కోసింది, నేను చూశాను. మీరు గొట్టం ముట్టుకోకుండా చూసి మార్కులు వేయండి." ఆ కుర్రాడు చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు. తన విద్యార్థులెవరూ ఇంత పల్చగా కోయరని చెప్పి మార్కులు వేశాడు. ఆ పిల్ల ప్రాక్టికల్ పాసైంది.

సాయంత్రం స్టాఫ్ రూములో ఆయన తడి రుమాలు కంటి మీద వేసుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఫోన్ మోగింది, తీయలేదు. "ఆ చేతులతో నా క్లాసులో ఎన్నాళ్ళు కూర్చుందమ్మా?" అన్నారు. మూడేళ్ళని చెప్పాను.

"ఇంకెవరున్నారు అట్టాంటోళ్ళు?"

"పాత బ్యాచ్‌లో తప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు సార్."

"మార్పు పాతవాళ్ళకి కూడా వర్తిస్తుందని సవరణ రాయమ్మా. సంతకం పెడతాను. యూనివర్సిటీ వాళ్ళతో నేను మాట్లాడతాను."

కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఏ సంవత్సరం చేరిన బ్యాచ్ నుంచి వర్తిస్తుందో రాయాల్సిన చోట కలం ఆగింది. "ఎప్పట్నుంచి అని రాయమంటారు సార్?" అని అడిగాను.

ఆయన రుమాలు తీయలేదు. "నేను ఈ కాలేజీలో చేరిన ఏడు నుంచి రాయగలవా?" అన్నారు. నిబంధనలు ఒప్పుకోవని ఇద్దరికీ తెలుసు. ఆ ఖాళీ ముందు కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.